తమ్ముడి ఇంటర్వ్యూలో అన్న పేరు లేదు

ప్రశ్న: నాకు ముప్పై ఆరేళ్లు. ఈసీఐఎల్ దగ్గర నాన్న కట్టిన ఇంట్లో అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలతో ఉంటున్నాను. చర్లపల్లి వైపు ఒక కంపెనీలో సూపర్‌వైజర్‌ని. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా నాన్న పోయారు. పీజీ చదవాలని ఉన్నా ఉద్యోగంలో చేరిపోయాను. నాకు ఒక్కడే తమ్ముడు, వాణ్ణి బీటెక్ చదివించాను. క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం వద్దని, సినిమాల్లోకి వెళ్తానన్నాడు. కృష్ణానగర్‌లో రూము అద్దె, ఫొటోషూట్లు, బండి పెట్రోలు అన్నీ నేనే చూసుకున్నాను. యాక్టింగ్ కోర్సు ఫీజుకి పర్సనల్ లోన్ తీసుకున్నాను, అది ఇంకా కడుతున్నాను. ఒకసారి దారి లేక నా భార్య గొలుసు తాకట్టు పెట్టాను. వాడు ఏళ్ల తరబడి చిన్నాచితకా వేషాలు వేసి, ఒక సీరియల్‌లో హీరో తమ్ముడిగా చేసి, తర్వాత ఇంకో సీరియల్‌లో హీరో అయ్యాడు. పోయినేడు ఒక సినిమాలో రెండో హీరోగా చేస్తే అది బాగా ఆడింది. ఇప్పుడు మణికొండలో ఫ్లాటులో ఉంటున్నాడు.

ఈమధ్య ఒక యూట్యూబ్ ఇంటర్వ్యూలో "ఇంట్లో ఎవరికీ నా మీద నమ్మకం లేదు, ఒంటరిగా వచ్చాను" అన్నాడు. మొదట ఫ్యామిలీ గ్రూపులో ఆ ముక్క చూశాను. తర్వాత మొత్తం చూశాను. నా పేరు ఎక్కడా లేదు. ఒకప్పుడు కోపంలో చుట్టాల ముందు "ఎన్నాళ్లురా ఈ వేషాలు, బ్యాంకు పరీక్షలు రాసుకో" అని అన్న మాట నిజమే. అంతమాత్రాన నేను చేసిందంతా పోతుందా? ఇంకో చానల్ వాళ్లు ఫోన్ చేసి "మీ కథ చెప్పండి" అని అడుగుతున్నారు. నా భార్యేమో మనకూ ఒక ఫ్లాటుకి డబ్బు అడగమంటుంది, లేదంటే ఈ ఇంట్లో వాడి వాటా రాయించుకోమంటుంది. నేను ఇంట్లో ఉంటే అమ్మ వాడి సీరియల్ సౌండ్ తగ్గించి చూస్తోంది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. కాలనీలో వాళ్లు మాత్రం తమ పిల్లలకు ఛాన్స్ ఇప్పించమని నా దగ్గరికే వస్తున్నారు. నేనేం చేయాలి?

జవాబు: ముందు ఆ చానల్ సంగతి తేల్చేద్దాం, మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు. ఆ ఇంటర్వ్యూ ఇవ్వకండి. వాళ్లకు కావాల్సింది మీ కథ అనుకుంటున్నారేమో. వాళ్లకు కావాల్సింది మీ కళ్లలో నీళ్లు, పక్కన మీ తమ్ముడి ఫొటో, మధ్యలో ఎర్రక్షరాల్లో ఒక ప్రశ్నార్థకం. మీరు గంటసేపు ఎంత పద్ధతిగా మాట్లాడినా, థంబ్‌నెయిల్ మీద ఏం రాయాలో మీరు కెమెరా ముందు కూర్చోక ముందే వాళ్లు అనుకుని ఉంటారు. రేపు మీ పిల్లల స్కూల్లో నడిచేది ఆ ముక్కే. పైగా ఒకసారి బయటికి వెళ్లాక మీరు వెనక్కి తీసుకోలేరు, మీ తమ్ముడు జవాబు చెప్పకుండా ఉండలేడు. అక్కణ్ణుంచి మీ ఇద్దరి మధ్య మాటలు వాళ్ల మైకుల్లోంచే నడుస్తాయి. మళ్లీ ఫోన్ వస్తే "మా ఇంటి విషయం, మాట్లాడను" అని ఒక్క మాట చెప్పి పెట్టేయండి. కారణాలు చెప్పకండి. ఆ ఫోన్ రికార్డు అవుతుందనే అనుకోండి. ఆ వీడియో కింద కామెంటు పెడదామన్న ఆలోచన వచ్చినా ఇదే మాట.

ఇప్పుడు మీ బాధ గురించి. మొత్తం ఇంటర్వ్యూ చూశానన్నారు కాబట్టి, ఎడిటింగ్‌లో పోయి ఉంటుందిలే అని సర్దిచెప్పను. ఎడిటింగ్‌లో మీ పేరు పోయి ఉండొచ్చేమో, "ఒంటరిగా వచ్చాను" అన్న మాట మాత్రం అతను నోరారా అన్నదే. అది అబద్ధం. మీకు కోపం రావడంలో తప్పేమీ లేదు.

అయితే ఆ అబద్ధం ఎందుకు పుట్టిందో చూడాలి. సినిమావాళ్ల కథ మనకు ఒక్క వాక్యంలో కావాలి. కన్నడంలో సీరియళ్లతో మొదలుపెట్టి 2018లో 'కేజీఎఫ్'తో దేశమంతా తెలిసిన యశ్ గురించి ఎవరు రాసినా బస్సు డ్రైవర్ కొడుకు అని రాయకుండా వదలరు. అది నిజం, పైగా ఒక్క వాక్యంలో పడుతుంది. మీ తమ్ముడి కథ అలా పడదు. "ఈసీఐఎల్‌లో సొంతిల్లు, బీటెక్, అన్న నెలనెలా అద్దె కట్టాడు" అంటే అడిగేవాళ్లు తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. ఆకలి, అవమానం, ఒంటరితనం ఉంటేనే అది రీల్ అవుతుంది. సీరియల్ నుంచి సినిమాకు వచ్చినవాడికి ఈ ఒత్తిడి ఇంకా ఎక్కువ. రోజూ సాయంత్రం ఫ్రీగా కనిపించే ముఖాన్ని జనం టికెట్ కొని చూస్తారా అని నిర్మాతలకు అనుమానం. అందుకే పక్కనుండి ప్రచారం చూసుకునే పీఆర్ఓలు కష్టాల కథ ఒకటి తయారుచేసి పెట్టమంటారు. మీ తమ్ముడు చెప్పింది ఆ కథే కావచ్చు. ఇది అతని తప్పును మాఫీ చేయదు, కానీ "మా అన్న నాకేం చేయలేదు" అని అతను మనసులో నమ్ముతున్నాడనడానికి ఇది సాక్ష్యం కూడా కాదు.

రెండో సంగతి మీకు నచ్చకపోవచ్చు. "నమ్మకం లేదు" అన్న మాటలో కొంత నిజం ఉంది, దాన్ని మీరే రాశారు. చుట్టాల ముందు అన్న ఆ మాట మీకు ఒక రాత్రి కోపం. అతనికది అప్పటికే రోజూ తనను తాను అడుగుతున్న ప్రశ్న. ఆడిషన్‌కు వెళ్లి, "మళ్లీ చెప్తాం" అనిపించుకుని, రూముకొచ్చి పడుకునేవాడికి ఇంటివాళ్ల నోటి నుంచి అదే మాట వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. విజయ్ దేవరకొండ 2011లోనే 'నువ్విలా'లో కనిపించాడు. జనం పేరుపెట్టి పిలవడం మొదలైంది 2015లో 'ఎవడే సుబ్రమణ్యం', 2016లో 'పెళ్లి చూపులు' తర్వాత. పేరు వచ్చాక వెనక్కి చూస్తే అవి ఐదేళ్లు. లోపల ఉన్నప్పుడు అవి ఎప్పుడు అయిపోతాయో ఎవరికీ తెలియదు. అలాంటి కాలంలో డబ్బు ఇచ్చినవాళ్లకు ఎంత ఇచ్చామో గుర్తుంటుంది, తీసుకున్నవాళ్లకు ఇచ్చినప్పటి ముఖం గుర్తుంటుంది. మీరు అద్దె పంపిన నెలలన్నీ అతనికి గుర్తుండకపోవచ్చు. ఆ రోజు చుట్టాల్లో ఎవరెవరు నవ్వారో మాత్రం గుర్తుండే ఉంటుంది.

కాబట్టి మాట్లాడాలి. అయితే తమ్ముడితో మాట్లాడే ముందు ఇంట్లో ఇంకొకరితో మాట్లాడాల్సి ఉంది. మీ ఉత్తరం ఇంకోసారి చదవండి. "అన్నీ నేనే చూసుకున్నాను" అన్నారు. గొలుసు మాత్రం మీ భార్యది. మీ జీతంలో కొంత ప్రతినెలా కృష్ణానగర్ వెళ్తుంటే మిగిలినదాంతో పిల్లల ఫీజులు, ఇల్లు నడిపింది కూడా ఆవిడే కదా. తమ్ముడు తన కథలో మిమ్మల్ని ఎలా వదిలేశాడో, మీరు మీ కథలో ఆవిణ్ణి అలాగే సగం వదిలేశారు. ఆవిడ ఫ్లాటు అడగమంటున్నది అత్యాశ అని నాకనిపించడం లేదు. ఇన్నేళ్లలో "నీ వల్ల అయింది" అని ఆ ఇంట్లో ఎవరూ ఆవిడతో అనలేదేమో అని నా అనుమానం. ఆ గొలుసు విడిపించారా? విడిపించకపోతే ముందు ఆ పని చూడండి, తమ్ముడి డబ్బు కోసం ఆగకుండా.

తమ్ముణ్ణి కలిసేటప్పుడు ఫోన్లో తేల్చుకోవద్దు, షూటింగ్ దగ్గరికి అసలే వెళ్లొద్దు. కాల్‌షీట్ మధ్యలో మేకప్‌తో ఉన్న మనిషి తమ్ముడిగా మాట్లాడలేడు, చుట్టూ యూనిట్ ఉంటుంది. అమ్మ ముందు కూడా వద్దు. ఆవిడ ఏడుస్తుంది, మీరిద్దరూ ఆవిణ్ణి ఊరుకోబెట్టి అసలు విషయం వదిలేస్తారు. అతనికి షూటింగ్ లేని రోజు అడిగి, మీరిద్దరే కూర్చోండి. మొదట మీ మాట మీరు చెప్పండి: "ఆ రోజు చుట్టాల ముందు అలా అన్నాను, అనకూడదు." దాని వెనక "కానీ" తగిలించకండి. తర్వాత మీ బాధ చెప్పండి: "నువ్వు ఒంటరిగా వచ్చానన్నప్పుడు నాకు చాలా కష్టం అనిపించింది." అంతే. నువ్వు పైకొచ్చింది నా డబ్బుతోనే అనడం, రసీదులు తీయడం, "ఇంటర్వ్యూ ఇచ్చి సరిచెయ్" అని పట్టుబట్టడం వద్దు. అతను అందరి ముందూ మీ పేరు చెప్పాలని అడిగితే అదీ ప్రమోషన్‌లో ఒక భాగమైపోతుంది. రేపు ఏ స్టేజీ మీదో "మా అన్న" అని కళ్లు తుడుచుకుంటే అది మనసులోంచి వచ్చిందా, పీఆర్ఓ చెప్పాడా అని మీరే అనుమానిస్తారు. చెప్పాలనుకుంటే తనంతట తను చెప్తాడు. మీకు కావాల్సింది అతను మీ ముందు కూర్చుని ఒప్పుకోవడం.

ఒప్పుకోకపోతే? అదీ జరగొచ్చు. కొందరికి కొత్తగా పేరొచ్చినప్పుడు పాత అప్పులు గుర్తుచేసేవాళ్లు బరువుగా కనిపిస్తారు. ఆ రోజు లేచి వచ్చేయండి, తలుపు మాత్రం మూయకండి. సినిమాలో గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పలేం. రెండు సినిమాలు పోతే అతను మొదట ఫోన్ చేసేది ఎవరికో మీకూ తెలుసు.

డబ్బు సంగతికి వస్తే, దాన్ని రెండుగా విడదీయండి. మీరు ఇష్టంగా ఇచ్చినది ఒకటి: అద్దె, పెట్రోలు, ఫొటోలు. అది తమ్ముడికి పెట్టిన ఖర్చు, దాన్ని ఇప్పుడు అప్పుగా మార్చకండి. పర్సనల్ లోన్ వేరు. అది ఇంకా నడుస్తున్న అప్పు, అతని కోర్సు కోసం తీసుకున్నది. ఇంకా ఎంత మిగిలిందో బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, "ఇది నువ్వు కట్టు" అని సూటిగా అడగండి. మొహమాటపడే విషయం కాదిది. కట్టేదేదో బ్యాంకు ద్వారానే కట్టమనండి. అన్నదమ్ముల మధ్య ఇచ్చిన డబ్బు మీద పుచ్చుకున్నవాళ్లకు ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు కాబట్టి ఆ భయం కూడా అక్కర్లేదు. అయితే ఒకేసారి కట్టగలడని అనుకోకండి. పేరు ముందు వస్తుంది, డబ్బు చాలా వెనకగా వస్తుంది. సీరియల్‌లో రోజుకింత అని లెక్క. నెలలో షూటింగ్ ఉన్న రోజులకే డబ్బు, అదీ పనిచేసిన వెంటనే చేతికి రాదు, వచ్చేదాంట్లో పది శాతం టీడీఎస్‌గా ముందే కోసేస్తారు. మొదటి హిట్ సినిమాకు ఇచ్చేది చాలాసార్లు హిట్ కాకముందు ఒప్పుకున్న రేటే. దానిమీద మేనేజర్, బట్టలు, జిమ్, కారు ఈఎంఐ. మణికొండ ఫ్లాటు అతని సొంతమో, అద్దెకుంటున్నాడో మీ ఉత్తరంలో లేదు. అడిగి తెలుసుకోండి. మీకు ఫ్లాటు కొనిపెట్టమనడం మాత్రం న్యాయం కాదు, అయ్యే పని కూడా కాదు.

ఇంటి వాటా ఇంకా జాగ్రత్తగా ఉండాల్సిన విషయం. ఇల్లు నాన్న సంపాదనతో కట్టింది, వీలునామా లేదు అనుకుంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, మీకు, తమ్ముడికి తలా ఒక వంతు, అంటే మూడింట ఒకటి. తమ్ముడు తన వంతు వదులుకోవాలంటే కాగితం మీద సంతకం చాలదు, విడుదల పత్రం రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. అతను తనంతట తను ఇస్తానంటే అప్పుడు లాయర్‌ని కలవండి. ఈ కోపంలో మీరు అడిగితే మాత్రం, మీరు పెట్టిందంతా ఇంటి కోసమే పెట్టారని అతను అనుకునే వీలు మీరే ఇచ్చినట్టు అవుతుంది. అమ్మకూ అందులో వంతు ఉంది, ఆవిణ్ణి అడగకుండా ఇంటి మాట ఎత్తడం అసలు పద్ధతి కాదు.

అమ్మ సౌండ్ తగ్గించి చూస్తోందని రాశారు. ఈ రోజే ఆవిడకు రిమోట్ ఇచ్చి సౌండ్ పెంచుకోమనండి. మీరు పక్కన కూర్చోనక్కర్లేదు. వేరే గదిలోకి వెళ్లినా ఆవిడ ఏమీ అనుకోదు. కొడుకుని చూసుకోవడానికి ఇంకో కొడుక్కి భయపడాల్సిన వయసు కాదావిడది.

నిద్ర విషయం తేలిగ్గా తీసుకోవద్దు. రెండు వారాలకు మించి ఇలాగే ఉంటే, లేదా పనిలో తప్పులు పడుతుంటే డాక్టర్‌ని కలవండి. దానికంటే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ నంబరు 14416కి చేయండి. 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ, ఉచితం, రాత్రి కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పడుకునే ముందు ఫోన్లో ఆ ఇంటర్వ్యూ కామెంట్లు చదువుతున్నారేమో అని కూడా నాకు అనుమానంగా ఉంది. చదువుతుంటే మానేయండి.

ఇక కాలనీవాళ్లు. "మా తమ్ముడు ఛాన్సులు ఇప్పించే స్థాయిలో లేడు, ఆడిషన్లకు వెళ్లమనండి" అని అందరికీ ఒకటే జవాబు చెప్పండి. నిజం కూడా అదే, రెండో హీరోకి ఎవర్నీ తీసుకునే అధికారం ఉండదు. ఎవరైనా పిల్లాడికి వేషం ఇప్పిస్తామని డబ్బు అడుగుతున్నారని వింటే మాత్రం ఇవ్వొద్దని గట్టిగా చెప్పండి. కృష్ణానగర్‌లో తమ్ముడి అద్దె ఇన్నేళ్లు కట్టారు కాబట్టి, అక్కడ ఎవరు ఎవరిని ఎలా ముంచుతారో ఆ కాలనీలో మీకంటే బాగా తెలిసినవాళ్లు ఉండరు.