గాలానికి ఇంట్లో చేసే ఎర: వాసన కాదు, ఉడుకు చూసుకోండి

తిరుపతి చుట్టుపక్కల చెరువుల్లో బంగారుతీగకు, శీలావతికి గాలం వేయాలనుకుంటున్నాను, ఎర ఇంట్లో చేసుకుంటే పనికి వస్తుందా, లేక సీసాల్లో, పొట్లాల్లో అమ్మే సెంట్లు, మసాలాలు కొనక తప్పదా అన్నది మీ ప్రశ్న. ఇంట్లో చేసుకున్నదే పనికి వస్తుంది. అందులోనూ చిత్తూరు వైపు వంటింటి మనుషులకు ఈ విషయంలో బయటివారి దగ్గర నేర్చుకోవలసినది పెద్దగా ఏమీ లేదని నా గట్టి నమ్మకం, ఎందుకంటే రాగి సంగటి కెలకడం వచ్చిన చేతికి ఎర చేయడం దాదాపు వచ్చినట్లే. వీడియోల్లో ఇరవై రకాల దినుసులు వరుసగా పేర్చి చూపించేవారు మాట్లాడేదంతా వాసన గురించే. ఎర నీళ్లలో ఎంతసేపు నిలుస్తుంది, ఏ తీరున కరుగుతుంది అన్నది వారు పట్టించుకోరు. నా లెక్కలో అసలు సంగతి అదే.

మొదట మన చెరువులోని చేప ఏమి తిని పెరిగిందో ఆలోచించండి. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వరదతో పారే నది కావాలి. ఒకప్పుడు చేపపిల్లలను నదుల్లోనే సన్నని వలలతో పట్టి తెచ్చేవారు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి ఈ చేపల చేత గుడ్లు పెట్టించగలిగిన తర్వాతనే పిల్లల ఉత్పత్తి మన చేతికి వచ్చింది. ఈ రోజు మన చెరువుల్లో వదిలే పిల్లలు దాదాపుగా అన్నీ హేచరీల నుంచి వచ్చినవే, అక్కడ వాటికి చల్లే మేత ప్రధానంగా తవుడు, నూనె తీయగా మిగిలిన వేరుశనగ చెక్క పొడి. పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆ రుచి ఎరిగిన చేపకు గులాబీ సెంటు, వెనిల్లా ఎసెన్సు దేనికో నాకు అర్థం కాదు. బంగారుతీగ సంగతి వేరు. అది నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది, పైగా మన దేశపు చేప కాదు. ఒక రకం 1939లో సింహళం నుంచి నీలగిరికి వచ్చింది, మరొక రకం 1957లో బాంకాక్ నుంచి వచ్చింది. వచ్చిన చోటల్లా అడుగు తవ్వి దొరికినదంతా తినడం దాని స్వభావం కాబట్టి దాని కోసం వేరే వంట అక్కరలేదు.

నేను ఇంత ధీమాగా చెప్పడానికి కారణం కళ్లారా చూసిన ఒక ఉదయం. 2021 నవంబరు వానలను ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోయి ఉండరు. స్వర్ణముఖి నది పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు, ఏళ్ల తరబడి నీటి ముఖం చూడని చిన్న చెరువులు కూడా నిండి మొరవ మీదుగా పొర్లి పారాయి. ఆ తర్వాతి సంక్రాంతి సెలవుల్లో నేను, మా బావమరిది చంద్రగిరికి అవతల ఉన్న ఒక చెరువుకు వెళ్లాము. అప్పటికి బురద అడుగుకు దిగి నీళ్లు తేటపడ్డాయి. తూము పక్కన రాతి మెట్ల దగ్గర మోకాలి లోతులో ఇసుక రేణువులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇంత తేట నీళ్లు మన వైపు చెరువుల్లో అరుదు కాబట్టి, గాలాలు సంచిలోంచి తీయకముందే ఎర సంగతి తేల్చుకుందామనిపించి, కొక్కెం లేకుండా రెండు ఉండలను జానెడు ఎడంలో అడుగున వదిలాను. ఒకటి మా బావమరిది తెచ్చిన పచ్చి మైదాపిండి ముద్ద, అందులో సీసాలోని ఎసెన్సు దండిగా కలిపాడు. రెండవది నేను ముందురోజు రాత్రి ఉడికించిన రాగి సంగటి, వేరుశనగ చెక్క కలిపిన ఉండ.

"ఏం బావా, చేపలకి సంగటి పెడతా ఉండావా? నంజుకునేదానికి ఊరిబిండి తెచ్చినావా మరి?" అని అతడు నవ్వాడు.

ముందుగా పరిగెలు అనే చిన్న చేపలు వచ్చాయి. మైదా ఉండ చుట్టూ నీరు పాలవలె తెల్లబడింది, పైపొర జావగా మారింది, ఆ పిల్ల చేపలు గుంపుగా చేరి నాలుగు వైపుల నుంచి పొడవడం మొదలుపెట్టాయి. మేము ఫ్లాస్కులోని టీ తాగి గ్లాసులు కడిగేలోగా అక్కడ తెల్లని మరక తప్ప ఏమీ మిగలలేదు. సంగటి ఉండను కూడా అవి పొడిచాయి, కానీ ప్రతి పోటుకు గోధుమ రంగు ధూళి కొంచెం లేచి చుట్టూ ఇసుక మీద పరచుకుందే తప్ప ఉండ ఆకారం చెడలేదు. కాసేపటికి పరిగెలన్నీ ఒక్కసారిగా పక్కకు తొలగాయి. మూరెడు పొడవున్న బంగారుతీగ ఒకటి తల కిందికి, తోక పైకి వాల్చి, రెండు జతల మీసాలను ఇసుకకు ఆనిస్తూ నెమ్మదిగా వచ్చింది. ఆ ధూళి పరచుకున్న చోట ఆగి, మూతిని గొట్టం మాదిరి ముందుకు చాచి ఉండను లోపలికి పీల్చింది, వెంటనే జానెడు దూరం పడేటట్లు బయటికి ఊదేసింది. మళ్లీ తిరిగి వచ్చి పీల్చింది, మళ్లీ ఊదింది. ఇంకొకసారి పీల్చినప్పుడు మాత్రం వదలలేదు. మొప్పల మూతలు రెండు మూడు సార్లు వేగంగా ఆడాయి, వాటి సందుల్లోంచి సన్నని గోధుమ రంగు పొగ వెలువడింది, చేప పక్కకు తిరిగి లోతులోకి పోయింది. మైదా ఉండ ఉన్న చోటు మీదుగానే పోయింది గానీ అక్కడ ఆగలేదు. మా బావమరిది సీసా వైపు చూసి, "దీనికి మిగిలిందేముంది బావా, అంతా పరిగెలకే సరిపాయె" అన్నాడు.

బంగారుతీగ, శీలావతి వంటి ఈ కార్పు జాతి చేపలకు దవడల్లో పళ్లు ఉండవు, నమిలే పళ్లు గొంతులో ఉంటాయి. బంగారుతీగ అంగిలి మీద మెత్తని కండ వంటి అవయవం ఒకటి ఉంటుంది. నోటిలోకి వచ్చిన బురదలోంచి తిండిని అదే వేరుచేస్తుంది, పనికిరానిది బయటికి పోతుంది. కాబట్టి పీల్చి ఊదడం అంటే చేప ఎరను కాదన్నట్లు కాదు, రుచి చూస్తున్నట్లు. ఆ రెండు మూడు పరీక్షలకు తట్టుకునే ఎర కావాలి. పచ్చి పిండి తట్టుకోదు. అలాగని రాయిలా గట్టిగా ఉంటే దాని రుచి నీళ్లలోకి దిగదు. ఉడికిన పిండి పైపైన అరుగుతూ లోపల నిలుస్తుంది, మనకు కావలసింది సరిగ్గా ఆ గుణం.

ఇక తయారీ. రెండు గ్లాసుల రాగి పిండికి రెండున్నర గ్లాసుల నీళ్లు మరిగించి, చిటికెడు ఉప్పు, నిమ్మకాయంత చిత్తూరు బెల్లం వేయండి. బెల్లం కరిగాక పిండిని మధ్యలో కుప్పగా పోసి, కెలకకుండా కర్రతో నడుమ ఒక కన్నం చేసి, మూత పెట్టి సన్నని సెగ మీద పది నిమిషాలు వదలండి. ఆ తర్వాత దించి ఉండలు కట్టకుండా గట్టిగా కెలకాలి. తినే సంగటిలో నూకలు వేస్తాము, ఇందులో వేయకూడదు, మెతుకు ఉన్న చోటే ఎర చీలుతుంది. చేతికి వేడి ఆగినప్పుడు, దోరగా వేయించి దంచిన వేరుశనగ చెక్క పొడి ఒక గ్లాసు, గోధుమ పిండి ఒక పిడికెడు కలిపి అరచేతికి అంటనంత వరకు పిసకండి. రాగిలో సాగే బంక ఉండదు, ఆ పిడికెడు గోధుమ పిండి అందుకోసమే. ముద్దను బొటనవేలు లావున పొడుగ్గా చుట్టి, తడిగుడ్డలో పెట్టి ఇడ్లీ పాత్రలో మరొక పది నిమిషాలు ఆవిరి పట్టించి, చల్లారాక ఉండలుగా కోసుకోండి. ఒక ఉండను గాజు గ్లాసులో నీళ్లు పోసి వేయండి. పావుగంట తర్వాత ఆకారం చెడకుండా, చుట్టూ కొంచెం ధూళి దిగి ఉంటే మీ ఎర సిద్ధం. అప్పటికే విరిగిపోతే గోధుమ పిండి పెంచండి, నీరు అసలు రంగు మారకపోతే తగ్గించండి. చెరువుకు పోయి నీటి మీద తేలే బెండు వైపు గంటలు గంటలు చూడటం కంటే ఇంట్లో ఆ గ్లాసు వైపు పావుగంట చూడటం మేలు.

చెక్క విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. గానుగ నుంచి కొత్తగా తెచ్చినదే వాడండి. గొడ్ల పాకలో మూలన పడి ఆకుపచ్చ బూజు పట్టిన ముక్కను "చేపలకే కదా" అని దంచేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తడి తగిలిన వేరుశనగ చెక్కకు పట్టే బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, దానికి మేతలోని వేరుశనగ చెక్కే కారణమని తేలి, ఆ విషం బయటపడింది. దంచేటప్పుడు ఆ పొడి పీల్చేది మీరే అని కూడా గుర్తుంచుకోండి. నూనె ఎక్కువ కలిపితే వాసన బాగా పోతుందన్నది మరొక అపోహ. నూనె నీళ్లలో కరగదు, పైకి తేలుతుంది, చేప అడుగున ఉంటుంది. నీళ్లలో కరిగి పాకేవి బెల్లం, ఉప్పు, చెక్కలోని మాంసకృత్తుల సారం.

ఈ ఎర అడుగున మేసే బంగారుతీగకు, ఎర్రమోసుకు నేరుగా పనిచేస్తుంది. శీలావతి నడిమి నీటిలో తిరుగుతుంది కాబట్టి బెండును సర్దుకుని ఎరను అడుగు నుంచి రెండు జానలు పైకి వేలాడదీయండి. బొచ్చె మూతి పైకి తిరిగి ఉంటుంది, పై నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టి తింటుంది, దానికి ఈ ఉండ కంటే వేయించిన తవుడు ఎక్కువగా కలిపి పొడిపొడిగా రాలే ముద్ద నయం. ఒకే ఎరతో అన్ని చేపలూ పడతాయని చెప్పేవారి మాట నమ్మకండి.

గాలం వేసే చోట ముందుగా మేత చల్లడం మంచిదే, కానీ రెండు పిడికిళ్ల తవుడు, చెక్క పొడి చాలు. కిలోల కొద్దీ గుమ్మరించేవారు పెరిగిపోయారు. తిన్నంత తిని చేపలు మీ కొక్కెం వైపు చూడవు, మిగిలినది కుళ్లి నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది, చెరువును గుత్తకు తీసుకున్న వారు ఆ తర్వాత గాలం పట్టుకుని కనిపించిన ప్రతివారినీ తరిమేస్తారు. వారి కోపంలో న్యాయం ఉంది. అనుమతి అడిగి, ఎక్కడ కూర్చోవాలో కనుక్కుని కూర్చోండి. మా ఇంట్లో అయితే నీచు ముట్టని శనివారాలు, పెరటాసి నెల (సెప్టెంబరు-అక్టోబరు) మొత్తం గాలం అటక మీదే ఉంటుంది. ఎలాగూ మన వైపు చెరువులు నిండేది ఆ తర్వాతి వానలకే కాబట్టి పెద్దగా పోయేదేమీ లేదు.

పరిగెలు, జిలేబీ చేపలు (తిలాపియా) మరీ ఎక్కువగా ఉండి సంగటి ఉండ కూడా నిలవని చెరువులు కొన్ని ఉన్నాయి. అటువంటి చోట నల్ల శనగలను ఒక రాత్రి నానబెట్టి, వేళ్ల మధ్య నొక్కితే నలిగేంత వరకు ఉడికించి, రెండేసి కొక్కేనికి గుచ్చండి. పిల్ల చేపల నోటికి అవి పట్టవు. నానబెట్టకుండా, ఉడికించకుండా మాత్రం వేయకండి, చల్లకండి. ఎండు గింజ లోపలికి పోయాక ఉబ్బుతుంది, కార్పు చేపకు జీర్ణాశయపు సంచి ఉండదు, తిన్నది నేరుగా పేగులోకే పోతుంది. ఉడికించిన నీళ్లను పారబోయకుండా, చల్లే తవుడును వాటితోనే తడపండి.