పాత సీసలు, కందిలి చిమ్నీలు, రైల్వే సిగ్నల్ అద్దాలు దాచుకునుడు పిచ్చేం కాదు

పాత గాజు సామాను దాచుకుంటున్న, ఇంట్లోళ్లేమో కబాడికి వెయ్యమంటున్నరు, వీటిల్ల నిజంగ అందమున్నదా అని అడిగినవు కదా అక్కా. ఉన్నది. కానీ షోకేసుల పెట్టి దూరంకెల్లి చూస్తే అంతగ తెల్వది, చేతిల పట్టుకొని "ఇది ఎందుకిట్ల చేసిండ్రు" అని చూడాలె.

మాది కాజీపేట, మా తాత రైల్వేల పనిచేసిండు. ఒకసారి పాత సామాన్ల దుకాణంల సిగ్నల్ దీపానికి పెట్టే రంగు అద్దం దొరికితే తెచ్చిన, అమ్మెటాయన ఆకుపచ్చది అన్నడు గానీ ఎండల చూస్తే నీలం లెక్కనే ఉన్నది. తాత నవ్వి, ఎన్క కందిలి ముట్టిచ్చి పెట్టి చూడు అన్నడు, పెడితే మంచి ఆకుపచ్చ! అప్పట్ల సిగ్నల్‌ల గాసునూనె దీపాలే కదా, ఆ మంట పసుపు, అందుల నీలం తక్కువ, అందుకని అద్దంలనే నీలం ఎక్కువ పెట్టి చేసిండ్రు, రెండు కలిస్తే డ్రైవర్‌కు ఆకుపచ్చ కనవడ్తది. తెల్ల ఎల్ఈడీ పెడితే మళ్ల నీలమే. దాని రంగు ఏ దీపం కోసం చేసిండ్రో ఆ దీపంతోనే పూర్తయితది, నాకైతే ఇంతకన్నా అందం ఇంకేం కావాలె అనిపించింది.

గోలిసోడా సీస కూడా అంతే. హైరమ్ కాడ్ అని ఇంగ్లండ్ ఆయన 1872ల పేటెంట్ తీసుకున్న డిజైన్ అది. సీసను తలకిందులు చేసి నింపుతరు, గోలి మూతి దిక్కు జారుతది, లోపలి గ్యాసే దాన్ని రబ్బరు రింగుకు ఒత్తి పట్టుకుంటది, వేరే మూత అక్కర్లేదు. మెడ కాడ రెండు నొక్కులుంటయి చూడు, అవి సోకు కోసం కాదు, ఆ నొక్కుల దిక్కు కిందికి పెట్టి తాగితే గోలి అండ్ల ఆగి దారికి అడ్డం రాదు. చిన్నప్పుడు మేమైతే గోలి మీదనే కన్నేసేటోళ్లం, సీస ఎవనికి కావాలె!

మామూలు సీసల ఆ లేత ఆకుపచ్చ ఏంటిదంటే ఇసుకల ఉన్న ఇనుము. మందుల సీసలు గోధుమ రంగుల ఎందుకంటే వెలుగు తగిలి మందు పాడుగాకుండ. లోపల బుడగలుంటే నాకింక ఇష్టం. పాత సీసలకు పెయింట్ ఏసి, లోపల లైట్ల దండ పెట్టి అమ్ముతరు, అది మాత్రం నాకు నచ్చది, గాజే కనవడకుండ పాయె.

కడిగేటప్పుడు జర పైలం. నీళ్ల ఉప్పు పట్టిన తెల్ల మరకలైతే వెనిగర్ పోసి పెడితే పోతయి, గాజే లోపల మసకబారితే మాత్రం ఎంత తోమినా పోదు, ఊకె గీకకు. వేడి చిమ్నీకి నీళ్ల చుక్క తగిలినా పటుక్కున పగుల్తది. ఇంకోటి, మనదిక్కు పత్తికి కొట్టే పురుగుల మందు సీసలు ఎక్కువ, ఎన్నడు ఏం పోసిండ్రో తెల్వని సీసల తినేటివి తాగేటివి పొయ్యకు, ఎన్నిసార్లు కడిగినా సరే.