రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెబుతుంటే

మూడేళ్ల బాబు పేచీ పెడితే పిల్లల పెంపకంపై ఒక పుస్తకం పట్టించుకోవద్దంటోందనీ, ఇంకొకటి పక్కనే కూర్చోమంటోందనీ, దేన్ని నమ్మాలో తెలియట్లేదనీ అడిగారు కదా. నిజానికి రెండూ వేర్వేరు సందర్భాలకు చెప్పిన మాటలు. చాక్లెట్ కోసం ఓరకంట మిమ్మల్ని చూస్తూ ఏడిస్తే పట్టించుకోకండి. అలసటతోనో ఆకలితోనో ఒళ్లు తెలియకుండా ఏడుస్తుంటే దగ్గరుండాలి. ఈ తేడా చెప్పని పుస్తకం సగం పుస్తకమే.

కొనేముందు పేచీల అధ్యాయం ఒక్కటి తిరగేయండి. "ఓపిక పట్టండి" అని వదిలేస్తే వద్దు. ఆ క్షణంలో ఏమనాలో కూడా ఉండాలి: "బొమ్మ ఇవ్వలేదని కోపమొచ్చింది. కొట్టనివ్వను" అని, చెయ్యి మెల్లగా పట్టుకోవడం. అంతే, ఉపన్యాసం వద్దు. ఉదాహరణలన్నీ పదేళ్ల పిల్లలవైతే మీకిప్పుడు పనికిరావు.

అచ్చయిన సంవత్సరమూ చూడండి. పసిబిడ్డను బోర్లా పడుకోబెట్టమని ఉంటే ఆరోగ్య సలహాలు పాతబడినట్టే; ఏడాది నిండేవరకూ వెల్లకిలా పడుకోబెట్టాలని వైద్యులు 1990ల నుంచీ చెబుతున్నారు.

ఏ పేచీకి ఏం చేయాలో ముందే అనుకుని ఇంట్లో అందరూ రెండు మూడు వారాలు పాటించండి. పట్టించుకోవడం మానిన మొదట్లో ఏడుపు పెరగొచ్చు. చాలామంది పుస్తకం పారేసేది అక్కడే. బాబు తనను తాను గాయపరచుకుంటున్నా, ఏడుస్తూ ఊపిరి బిగబట్టినా పుస్తకం కాదు, పిల్లల డాక్టర్ కావాలి.