ఏ లాక్ కొంటే సైకిల్ పోదు? రెండు సైకిళ్లు పోగొట్టుకున్నాక నాకు తెలిసింది

సెల్లార్‌లో పెట్టుకునే గేర్ సైకిల్‌కి ఏ లాక్ కొంటే దొంగలెత్తుకుపోరు, రెండు వేలు పెట్టొచ్చా అని అడిగారు కదా. పెట్టండి, తప్పకుండా పెట్టండి, కానీ ఈ లాక్ వేస్తే ఇక పోదు అని చెప్పడానికి మాత్రం ఏదీ లేదండి. నావి రెండు పోయాయి, రెండూ లాక్ వేసినవే.

మొదటిది 2019లో, కొండాపూర్ వైపు మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. జీతంలోంచి నెలనెలా దాచుకుని 18 వేలకి కొన్నా. లాక్ ఏమో నాలుగు అంకెల నంబర్ లాక్, స్ప్రింగులా చుట్టుకునే కేబుల్‌ది, సైకిల్‌తో పాటే షాపాయన ఇచ్చాడు. పొద్దున్నే వాకింగ్‌కి దిగితే సైకిల్ లేదు, కేబుల్ ముక్కలు రెండు నేల మీద పడున్నాయి. ఒక ముక్క చేతిలోకి తీసుకుని చూశా, బయటికి చిటికెన వేలంత లావుగా కనపడేదంతా ప్లాస్టిక్ తొడుగే, లోపల సన్న తీగలు పురి పెట్టి ఉన్నాయి, అన్నీ కలిపినా అగ్గిపుల్ల కంటే కాస్త లావు అంతే. తెగిన చోట కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది, పెనుగులాడినట్టు ఒక్క గీత కూడా లేదు. సీసీ కెమెరాలో చూస్తే రాత్రి మూడింటప్పుడు ఒకడు వచ్చాడు, వంగాడు, లేచాడు, తోసుకుంటూ వెళ్లిపోయాడు, నిమిషం కూడా పట్టలేదు. వాచ్‌మెన్ గేటు పక్క గదిలో నిద్రలో ఉన్నాడు, ఆయన్ని ఏమనగలం, పగలంతా కార్లు కడిగి మోటార్ వేసి రాత్రి కాపలా కూడా నువ్వే కాయి అంటే ఏ మనిషి వల్ల అవుతుంది.

రెండో సైకిల్‌కి బుద్ధిగా యూ లాక్, అంటే U అక్షరంలా వంచిన లావు ఇనుప కడ్డీతో ఉండేది, కొన్నా, 1,800 అయింది, చేతిలో పట్టుకుంటేనే బరువు తెలుస్తుంది. ఆఫీసుకి మెట్రోలో వెళ్తూ స్టేషన్ కింద రెయిలింగ్‌కి వేసేవాణ్ణి, ఆరోజు లేటైపోయి తొందరలో ముందు చక్రానికి, రెయిలింగ్‌కి మాత్రమే వేసి పరిగెత్తా. సాయంత్రం వచ్చేసరికి లాక్ అలాగే ఉంది, ముందు చక్రం అలాగే ఉంది, మిగతా సైకిల్ లేదు. ఇప్పటి గేర్ సైకిళ్లలో చాలావాటికి చక్రం ఊడదీయడానికి పానా కూడా అక్కర్లేదు, పక్కనున్న లివర్ తిప్పితే చాలు, అది నాకు తెలిసి కూడా చేసిన తప్పు, ఇప్పటికీ ఆ స్టేషన్ మెట్లు దిగుతుంటే మనసు చివుక్కుమంటుంది.

అసలు విషయం ఏంటంటే లాక్ దొంగని ఆపదు, ఆలస్యం చేస్తుంది. కేబుల్‌కి కటింగ్ ప్లేయర్ చాలు, మామూలు గొలుసుకి బోల్ట్ కట్టర్, గట్టి యూ లాక్‌కి కూడా బ్యాటరీ గ్రైండర్ పెడితే నిమిషాల మీద పని. కానీ గ్రైండర్ అంటే నిప్పురవ్వలు, వీధంతా వినపడే మోత, మనుషులు తిరిగే చోట అంత ధైర్యం అందరికీ ఉండదు. అదే ఎవరూ లేని సెల్లార్‌లో ఐదు వేల లాక్ అయినా వాడికి కావాల్సినంత టైమ్ ఉంటుంది. పేరున్న కంపెనీ కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు, 2004లో అమెరికాలో క్రిప్టొనైట్ లాకులు, ఎంతో పేరున్నవి, వాటిలో గుండ్రటి తాళంచెవి రకాన్ని ప్లాస్టిక్ బాల్ పెన్ను గొట్టంతో తీసి ఒకాయన వీడియో పెట్టాడు, కంపెనీ అందరికీ లాకులు మార్చి ఇవ్వాల్సొచ్చింది. కొనేటప్పుడు వీలైతే సోల్డ్ సెక్యూర్ అనే బ్రిటన్ సంస్థ రేటింగ్ ఉందేమో చూడండి, వాళ్లు లాకుల్ని పనిముట్లతో పగలగొట్టి చూసి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని ఇస్తారు.

మా నాన్న తెనాలిలో 30 ఏళ్లు ఒకే సైకిల్ తొక్కారు. దానికున్నది వెనక చక్రానికి ఉండే చిన్న తాళం, గట్టిగా లాగితే ఊడొస్తుంది. కానీ సినిమాకెళ్తే స్టాండులో పెట్టేవారు, స్టాండతను సీటు మీద సుద్దముక్కతో నంబర్ రాసి చేతిలో టోకెన్ పెట్టేవాడు, ఆ టోకెన్ ఇస్తే గానీ సైకిల్ బయటికి రాదు. ఆ సైకిల్ని కాపాడింది తాళం కాదు, చూసే మనిషి ఉండటం. ఇప్పుడు బైకులకీ కార్లకీ పార్కింగ్ టికెట్ ఇస్తారు, సైకిల్ తీసుకెళ్తే ఆ మూల ఎక్కడో పెట్టుకో అంటారు, నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

లాక్ ఎక్కడ వేస్తున్నారన్నది కూడా ముఖ్యం. వెనక చక్రాన్నీ ఫ్రేమ్‌నీ కలిపి కదలని ఇనుముకి వెయ్యాలి, లాక్ లోపల ఖాళీ ఎంత తక్కువుంటే అంత మంచిది, ఖాళీ ఉంటే రాడ్ దూర్చి మెలిపెడతారు. సెల్లార్‌లో చాలామంది నీళ్ల పైపుకి కట్టేస్తారు, అది పీవీసీ అండి, హాక్సా బ్లేడుతో పైపు కోసేస్తే మీ లాక్ చెక్కుచెదరకుండా సైకిల్‌తో పాటే వెళ్లిపోతుంది. అసోసియేషన్ వాళ్లనడిగి గోడకో పిల్లర్‌కో ఇనుప రింగు బిగించుకోండి, కెమెరాకి ఎదురుగా, లైటు పడే చోట.

ఇంకొకటి, ఇది ఇంకా ముఖ్యం. సైకిల్ తిరగేసి పెట్టండి, చాలావాటికి పెడల్స్ ఇరుసు తిరిగే గొట్టం కింద ఫ్రేమ్ నంబర్ చెక్కి ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి, బిల్లు కూడా. మొదటిది పోయిన ఎనిమిది నెలలకి పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, దొంగలు దొరికారు వచ్చి చూసుకోమని. వెళ్తే గోడవారగా పాతిక సైకిళ్ల దాకా ఉన్నాయి, దుమ్ము కొట్టుకుని. అందులో నా మోడల్, నా రంగువి రెండు. రెండింటికీ సీట్లు మార్చేశారు, హ్యాండిల్ గ్రిప్పులు మార్చేశారు. ఒకదాని ఫ్రేమ్ మీద గీత చూసి ఇది నాదే అనిపించింది, మా అబ్బాయి స్టాండు తగిలించి గీసిన గీత లాంటిదే. నంబర్ ఉందా సార్ అన్నాడు కానిస్టేబుల్. లేదు. ఇంకొకాయన ఫోన్‌లో నంబర్ చూపించి పక్కదాన్ని తనదని తేల్చుకున్నాడు, నేను ఆ గీత మీద వేలు పెట్టి కాసేపు నిలబడి వచ్చేశా.

పోతే మాత్రం చిన్నదే కదా అని ఊరుకోకండి, 2024 జూలై నుంచి ఐపీసీ బదులు అమల్లో ఉన్న బీఎన్ఎస్‌లో, అంటే భారతీయ న్యాయ సంహితలో, దొంగతనం 303వ సెక్షన్, ఇళ్లల్లో జరిగితే 305. ఆన్‌లైన్‌లో ఇచ్చిన ఫిర్యాదునీ నమోదు చేస్తారు, మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. కేసు నంబర్ లేకపోతే దొరికినా మీకు ఫోన్ రాదు.

మీ రెండు వేలల్లో మంచి యూ లాక్ ఒకటి తీసుకుని, మిగిలితే ఆ గోడ రింగు పెట్టించుకోండి. ఫోటో మాత్రం లాక్ వచ్చేదాకా ఆగకుండా ఇవాళే తీసేయండి.