బండి తోలే మనిషికి పేరు పెట్టు

తమ్ముడూ,

నీ కథా, ఉత్తరమూ అందాయి. ‘అఫెరిం’ సినిమా చూసి రెండు రాత్రులు నిద్ర పట్టలేదని రాశావు. ఆ టెన్షన్‌లోనే నీ కథలో దొర నోటి తిట్లన్నీ కొట్టేశావు. ఎవరూ నొచ్చుకోకుండా కులానికొకరు, మతానికొకరు చొప్పున మంచివాళ్లను చేర్చావు. ఆ తిట్లు మళ్లీ పెట్టు. కొత్తగా చేర్చిన మంచివాళ్లను తీసెయ్.

రొమేనియా దర్శకుడు రాదూ జూదె 2015లో తీసిన ఆ సినిమా 1835 నాటి వలాకియాలో, అంటే ఇప్పటి రొమేనియాలో భాగమైన ప్రాంతంలో, జరుగుతుంది. అప్పుడక్కడ రోమా జనం, అంటే జిప్సీలని పిలిచేవాళ్లు, బానిసలు. కొందరు రాజ్యం సొత్తు, కొందరు బొయారులనే భూస్వాముల సొత్తు, కొందరు మఠాల సొత్తు. 1856 దాకా ఆ బానిసత్వం పూర్తిగా పోలేదు. పారిపోయిన కార్ఫిన్ అనే బానిసను పట్టి తేవడానికి కోస్తాందిన్ అనే జవాను, కొడుకును వెంటబెట్టుకుని గుర్రమెక్కుతాడు. దారి పొడుగునా సామెతలే, తిట్లే. వాటిలో చాలా మాటలు ఆ కాలపు పత్రాల్లోంచీ పుస్తకాల్లోంచీ ఏరుకున్నవి. అందుకే అవి ఆ పాత్రల సొంత మాటల్లా వినిపిస్తాయి. నీ తిట్లు కూడా దొర నోట్లోనే ఉండాలి, కథ చెప్పే నీ గొంతులోకి రాకూడదు.

దారిలో ఒక ఫాదర్ కలుస్తాడు, గుర్తుందా? ఒక్కో జాతికి ఒక్కో ముద్ర వేసుకుంటూ పోతాడు. రోమాలు మనుషులేనట, యూదులు కాదట. మొదట నవ్వొస్తుంది. ఎవరితో కలిసి నవ్వుతున్నామో తెలిశాక గొంతు పట్టేస్తుంది. రోమానీ భాషలో మనిషిని ‘మనుష్’ అంటారు. దాదాపు వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచి వాళ్లతో పాటు వెళ్లిన మాట అది. ఆ సన్నివేశం చూసినప్పుడల్లా ఇది గుర్తొచ్చి కడుపులో దేవినట్టవుతుంది.

ఇక కార్ఫిన్. కట్టేసి తీసుకెళ్తున్నా మాట్లాడుతూనే ఉంటాడు, బతిమాలతాడు. బొయారుకు నచ్చజెప్తానని కోస్తాందిన్ మాటిస్తాడు, ఒక మాట చెప్పీ చూస్తాడు. తర్వాత బొయారు కార్ఫిన్‌కు వేసిన ఘోరమైన శిక్ష కళ్లముందే జరుగుతుంటే అడ్డుపడడు. ‘అఫెరిం’ అంటే శభాష్ అని. పని చక్కగా పూర్తి చేసినవాడికి దక్కే మాట. కాస్తో కూస్తో జాలి ఉన్న మనిషి కూడా అలా నిలబడిపోవడంలోనే నాకు ఆ సినిమా వ్యంగ్యమంతా కనిపించింది. నీ దొర మొదటి పేజీ నుంచీ రాక్షసుడు. అతన్ని చూసి చదివేవాడు హాయిగా నిద్రపోతాడు.

అయినా నాకో అసంతృప్తి ఉంది. సినిమా కోస్తాందిన్ వెంటే నడుస్తుంది, కార్ఫిన్ లోపలికి వెళ్లదు. అది వాళ్లు ఎంచుకున్న దారి. కథ రాసే మనకు లోపలికి వెళ్లే వీలుంది.

నీ కథలో దొర బండి తోలే మనిషి మూడో పేజీలో వస్తాడు, చివరిదాకా ఉంటాడు. దొరకు పేరుంది, దొర గుర్రానికీ పేరుంది. అతనికి లేదు. దెబ్బలు తింటాడు, ఏడుస్తాడు, అంతే. ముందు అతనికి పేరు పెట్టు. రాత్రి ఇంటికెళ్లాక పెళ్లాంతో దొర గురించి ఏమంటాడో ఒక పేజీ రాయి. కథలో వాడకపోయినా సరే. అది నాకు పంపు, ఎదురుచూస్తుంటాను.