ఊరంతా అంటున్నారన్న మాట గురించి, సుజాతకి

అమ్మాయ్ సుజాతా,

సర్పంచ్‌వి అయినందుకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. నువ్వు ఫోన్లో అడిగినదానికే నేరుగా వస్తా. కుళాయి పన్ను పెంచకపోతే మోటారు కరెంటు బిల్లు కట్టలేం, పెంచుదామంటే ఊరంతా వద్దంటోంది పెద్దమ్మా అన్నావు.

ఊరంతా అంటే ఎవరమ్మా? రచ్చబండ దగ్గర కూర్చునేవాళ్లు, వాట్సాప్ గ్రూపులో రోజూ పోస్టులు పెట్టేవాళ్లు, ఎన్నికల్లో నీ వెంట తిరిగినవాళ్లు. వాళ్ల మాటా వినాల్సిందే. కానీ తెల్లారకముందే ఉపాధి పనికి పోయే ఆడవాళ్లు, నీళ్లు సరిగ్గా ఎక్కని ఊరి చివరి కాలనీవాళ్లు నీ గుమ్మం దాకా రారు, నువ్వే వెళ్లాలి, పని దగ్గరికో డ్వాక్రా సంఘం మీటింగుకో వెళ్లి, నీ మాట చెప్పకుండా ముందు వాళ్లది విను.

మన నెల్లూరు జిల్లా సంగతే చూడు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సర్కారే సారాని ఊరూరికీ పంపింది, ఖజానా నిండింది, మగవాళ్లు తాగుతున్నారు కాబట్టి జనానికి అభ్యంతరం లేదనుకున్నారు పైవాళ్లు, ఇంట్లో ఆడవాళ్లు ఏమనుకుంటున్నారో అడిగిన నాయకుడే లేడు. పెద్దవాళ్లకి చదువు నేర్పే అక్షర దీపం కార్యక్రమం రాత్రి బడుల్లో, సారా వల్ల చితికిపోయిన ఇంటి కథ చదివాక వాళ్లే నోరు విప్పారు. దూబగుంటలో రోశమ్మ లాంటి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు, 1992లో జిల్లాలో సారా వేలం పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. కోట్ల విజయభాస్కర రెడ్డి ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించింది. ఎన్టీఆర్ అంతకన్నా ముందుకెళ్లి మద్యం మొత్తం ఆపేస్తానన్నాడు. 1989లో ఓడినవాడు 1994లో 216 సీట్లతో తిరిగొచ్చాడు, దానికి కారణాలు చాలా ఉన్నా ఆడవాళ్ల ఓటు ఆయన వైపు గట్టిగా నిలిచింది. వారుణి వాహిని తెచ్చింది కూడా ఆయన ప్రభుత్వమే, అయినా వాళ్ల మాట విని దారి మార్చుకున్నాడు, దాన్ని నేను చిన్నతనంగా చూడను.

ఆ తర్వాత జరిగిందే నీకు ముఖ్యం. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో చంద్రబాబు దాన్ని ఎత్తేశారు, సారా మీద నిషేధం మాత్రం ఉంచారు. ఆదాయం పడిపోయింది, దొంగ మద్యం వస్తోంది అన్నారు. ఆ రెండూ నిజమే. కానీ ఆదాయం పోతే దాన్ని ఎక్కడినుంచి తేవాలి, ఏ ఖర్చు తగ్గించుకోవాలి అన్నది మొదట్లోనే జనం ముందు పెట్టి, ఆ భారానికి వాళ్లను ఒప్పించి ఉంటే, ఎత్తేయడం అంత తేలికయ్యేది కాదని నా నమ్మకం. జనం అడిగింది ఇచ్చారు, దాని ఖరీదు చెప్పలేదు. నీ కుళాయి పన్నుకీ అదే జరగనివ్వకు.

అందుకని గ్రామసభలో మొదటే "పెంచుదామా వద్దా" అని అడగొద్దు, అలా అడిగితే ఎవరైనా వద్దనే అంటారు. నెలకు కరెంటు బిల్లు ఎంత, బకాయి ఎంత, పన్ను వసూలయింది ఎంత, ఎన్నిచోట్ల పైపు కారుతోంది, అన్నీ తెల్ల చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయించి నువ్వే చదువు. పన్ను కట్టనివాళ్లలో మనవాళ్లుంటే ముందు వాళ్ల దగ్గర వసూలు చెయ్యి, లేకపోతే నీ మాట ఒక్కరూ వినరు. పెంచకపోతే ఏ వీధికి నీళ్లు తగ్గుతాయో కూడా దాచకుండా చెప్పు. ఎవడో డబ్బు తిన్నావని గ్రూపులో రాస్తే వాడితో వాదించకు, ఆ రోజే బిల్లు కాగితం ఫోటో తీసి అదే గ్రూపులో పెట్టు.

ఇన్ని చేశాక కూడా వద్దంటే, కొన్నాళ్లు ఆగి మళ్లీ అడుగు. తాగే నీళ్లలో క్లోరిన్ కలపడం లాంటి వాటికి మాత్రం ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు, చేసి ఎందుకు చేశావో చెప్పు.

సభ పొద్దున పదింటికి పెట్టకు, ఆ టైముకి ఆడవాళ్లు పనిలో ఉంటారు. సాయంత్రం ఆరు దాటాక పెట్టు, ముందురోజు కాలనీలో కూడా దండోరా వేయించు. కార్యదర్శితో ఈ వారమే లెక్కలు తీయించి నాకు పంపు, చూసి ఫోన్ చేస్తా.

మీ పెద్దమ్మ