స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, భ్రమలు కలగడం వంటి లక్షణాలుండే మానసిక జబ్బు) ఉన్నవారు "నాకేం జబ్బు లేదు" అని ఎందుకంటారు?

చాలాసార్లు అది మొండితనమో అబద్ధమో కాదు, తనకు జబ్బుందన్న ఎరుకనే ఆ జబ్బు దెబ్బతీస్తుంది. మన ఆలోచన సరైనదా కాదా అని తూచి చూసేదీ మెదడే, స్కిజోఫ్రీనియాలో ఆ తూచే శక్తే సన్నగిల్లుతుంది. పైగా వినిపించే గొంతు రోగికి ఊహలా ఉండదు, పక్కగదిలోంచి ఎవరో పిలిచినంత స్పష్టంగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్రాతో సహా 9 కేంద్రాల్లో జరిపించి 1973లో వెలువరించిన అధ్యయనంలో, తీవ్ర దశలో అన్నిటికంటే ఎక్కువమందిలో కనిపించిన లక్షణం తనకు జబ్బుందన్న ఈ ఎరుక లేకపోవడమే, దాదాపు 97 శాతం మందిలో.

అలాగని ప్రతిసారీ ఎరుక పూర్తిగా ఉండటమో పూర్తిగా పోవడమో జరగదు. 1990లో మనోవైద్యుడు ఆంథొనీ డేవిడ్ దీన్ని మూడుగా విడదీశారు: జబ్బుందని ఒప్పుకోవడం, గొంతులూ భ్రమలూ జబ్బువల్లేనని గుర్తించడం, వైద్యానికి సమ్మతించడం. ఉదాహరణకు ఒకాయన "నిద్ర పట్టట్లేదు డాక్టర్ గారూ" అని అడిగి మరీ మాత్ర వేసుకుంటాడు, అదే నోటితో ఎదురింటివాళ్లు గోడలో మైకు పెట్టారంటాడు. మూడోది ఉంది, రెండోది లేదు.

గట్టిగా వాదించి ఋజువులు చూపిస్తే దారికొస్తారనుకోవడం చాలామంది చేసే పొరపాటు. వాదనతో ఆ భ్రమ సడలదు, మనమీదున్న నమ్మకం పోతుంది. "నిద్ర లేక నలిగిపోతున్నావు, దానికోసమైనా డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అనడం ఎంతో మేలు.